దివాణం గుమ్మం ముందు వాన

పోయిన వేసవి సెలవులకు ముందు మా అనువాద తరగతిలో ఒక చిక్కు వచ్చింది. వాన కురుస్తున్న వేసవి రోజున ఇంగ్లండులో ఒక పాత 'కంట్రీ హౌస్' చూడబోయిన వారి ముచ్చట ఒకటి తెలుగు చేయమని విద్యార్థులకు ఇచ్చాం. మొదటి వాక్యంలోనే ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. వేసవి ఏమిటి, వాన ఏమిటి అని ఒకరు అడిగారు. ఆ దేశంలో వేసవి అంతేననీ, జూలైలో కూడా గొడుగు పట్టుకునే బయటికి వెళతారనీ చెప్పి సర్దుకున్నాం. 'కంట్రీ హౌస్' దగ్గర మాత్రం సర్దుకోవడం కుదరలేదు. ఒకరు 'పల్లెటూరి ఇల్లు' అని రాశారు. అది చదివితే అరుగులున్న పెంకుటిల్లు కళ్లముందుకొస్తుంది. ఇంకొకరు 'గ్రామీణ భవనం' అన్నారు. అది పంచాయతీ ఆఫీసు. 'బంగళా' అంటే ఇంజనీర్లు మకాం చేసేది, 'రాజభవనం' అంటే గవర్నరు గారిది. నిఘంటువులన్నీ తిరగేసినా వంద గదులు, వేల ఎకరాలు, వందలమంది కౌలుదార్లు, తరతరాల పెద్దల పటాలు ఉన్న ఆ ఇంటికి సరిపోయే మాట దొరకలేదు.

చివరి వరసలో కూర్చున్న రాయగడ అమ్మాయి ఒకతె మెల్లగా, "దివాణం అంటే సరిపోదాండీ? మా తాతగారు ఎప్పుడూ జయపురం దివాణం అనేవారు" అంది.

సరిపోవడమే కాదు, ఇంగ్లీషు మాట కన్నా అది ఒక ఆకు ఎక్కువే చదివింది. పారశీకం నుంచి మనకు వచ్చిన ఈ మాటకు ఉత్తరాంధ్రలో రాజావారి ఇల్లు అని అర్థం, కచేరీ అని అర్థం, ఆ ఇంటి పెత్తనం అనీ అర్థం. 'దివాణంలో కట్టేశాం' అంటే శిస్తు కట్టామని. 'దివాణం మనిషి' అంటే ఆ ఇంటి ఉద్యోగి. ఇంటినీ శిస్తునూ విడదీయనివ్వని మాట ఇది. ఇంగ్లీషు మాటలో ఇల్లు కనిపిస్తుంది, చుట్టూ పచ్చిక కనిపిస్తుంది. కౌలు ఎవరు కట్టారన్నది వేరే పుస్తకంలో వెతుక్కోవాలి.

ఆ మాట విన్నాక జయపురం చూడకుండా ఉండబుద్ధి కాలేదు. జూన్‌లో, తొలకరి మొదలైన వారానికి, ఐదుగురం బయలుదేరాం.

రాయగడలో దిగేసరికి తెల్లవారుతోంది. సన్నగా జల్లు పడుతోంది. తెలుగు రాష్ట్రాలకు బయట పుట్టి పెరిగిన మా విద్యార్థులకు ఈ ఊరు వింతగా తోచలేదు, సొంత ఊరిలాగే ఉందన్నారు. టీ కొట్టు దగ్గర తెలుగు, టిక్కెట్ల కిటికీ దగ్గర ఒడియా, కొండల నుంచి బుట్టలతో దిగిన ఆడవాళ్ల నోట కువి. ఊరి అమ్మవారిని తెలుగువాళ్లు మజ్జిగౌరమ్మ అంటారు, ఒడియావాళ్లు మాఝిఘరియాణి అంటారు. మొక్కులు మాత్రం ఒకటే గుడిలో చెల్లిస్తారు. 1936 మార్చి 31 దాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందినది. మర్నాటి నుంచి కొత్త ఒడిశా రాష్ట్రంలో, కొత్త కోరాపుట్ జిల్లాలో పడింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ను నాలుగు జిల్లాలు చేసినప్పుడు రాయగడ తానే ఒక జిల్లా అయింది. జిల్లాలు ఎన్ని మారినా, 1952 వరకు ఇక్కడి శిస్తు మాత్రం ఒక్క చోటికే పోయేది. అది జయపురం దివాణం.

రాయగడ నుంచి కోరాపుట్‌కు రైలు మార్గం 1990లలో పూర్తయింది. టికిరి, లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా బండి కొండలెక్కుతుంది. సొరంగంలోంచి బయటపడ్డ ప్రతిసారీ వాన కొత్తగా మొదలైనట్టే ఉండేది. ఎర్రమట్టి చాళ్లలో చోళ్ల విత్తనం పడుతోంది. పల్లాల్లో వరి మళ్లకు గట్లు వేస్తున్నారు. జయపురం చుట్టుపక్కల నేల వరి పుట్టిళ్లలో ఒకటని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇక్కడి కొండరైతులు కాపాడుకొచ్చిన విత్తనాలను, సేద్య పద్ధతులను చూసి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో కోరాపుట్‌ను ప్రపంచ వ్యవసాయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. శిస్తు పుట్టింది ఈ మళ్లలోనే గనుక ఈ మాట ముందుగా చెప్పుకుంటున్నాం. కోరాపుట్ నుంచి జయపురానికి 22 కిలోమీటర్లు బస్సులో ఘాట్ దిగాం. అప్పటికి వాన పెద్దదైంది.

జయపురం కోట ఊరి నడిబొడ్డున ఉంది. ఎత్తయిన ప్రాకారం, సింహద్వారం. ద్వారం మూసి ఉంది. ముందుగా ఎవరికీ ఉత్తరం రాయకుండా, అనుమతి అడగకుండా వచ్చినవాళ్లం మేము. అది సొంత ఆస్తి, మ్యూజియం కాదు. తప్పు మాదే. గొడుగులు రెండే ఉన్నాయి. ఎదురుగా ఒక టీ కొట్టు తాటాకు చూరు కింద తలదాచుకున్నాం. కొట్టు పెద్దాయన మా మాట విని తెలుగులోకి దిగాడు. "ఏటి బాబూ, కోట సూడ్డానికొచ్చేరా? ఊరికే ఒస్తే లోపలికి పోనివ్వరు. దసరాకి రండి. ఊరూరి అమ్మోర్ల లాఠీలొస్తాయి, అప్పుడు సూడాల దీని అందం." లాఠీలంటే కొట్టే కర్రలు కావు. గ్రామదేవతలకు ప్రతీకలుగా అలంకరించి తెచ్చే పొడుగాటి కర్రలు. పాత జమీందారీ పరగణాల నుంచి ఇవాళ్టికీ దసరాకు జయపురం వస్తాయి. శిస్తు పోయి డెబ్బై ఏళ్లు దాటినా దేవతలకు మాత్రం దారి గుర్తుంది.

కాబట్టి మేము చూసినది గోడ, గుమ్మం, గోడమీంచి కారుతున్న వాన నీరు. గదులు, పటాలు, అద్దాలు, దీపాలు ఏమీ చూడలేదు. ఇంగ్లండులో అయితే టిక్కెట్టు కొని, తడి చెప్పులు గుమ్మంలో తుడుచుకుని లోపలికి వెళ్లేవాళ్లం. చివర్లో వంటశాలలో టీ కూడా దొరికేది. మాకు టీ గుమ్మం బయటే దొరికింది. అది తాగుతూ, లోపల ఏముందన్నది వదిలేసి, ఈ గోడ ఎలా నిలబడిందన్నదే మాట్లాడుకున్నాం. ఆ మాటలనే ఇక్కడ కాస్త సరిచేసి రాస్తున్నాం.

ఈ వంశం మొదట ఉన్నది జయపురంలో కాదు, నందపురంలో. 15వ శతాబ్ది నడుమ వినాయక దేవు అక్కడ రాజ్యం స్థాపించాడని చరిత్ర. ముప్పై రెండు మెట్ల సింహాసనం, బత్తిరిస సింహాసనం అని చూపించే రాళ్లు నందపురంలో ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్ది మధ్యలో వీరవిక్రమ దేవు రాజధానిని జయపురానికి మార్చాడు. ఆ రోజుల్లో ఈ కొండరాజ్యం కొండల్లోనే ఆగిపోలేదు. మాడుగుల, పాచిపెంట, సాలూరు, కురుపాం వంటి కొండకింది సంస్థానాలన్నీ దీనికి సామంతాలు. 18వ శతాబ్ది రెండో సగంలో విజయనగరం పూసపాటివారి సీతారామరాజు ఒక్కొక్కటిగా వాటిని లాక్కున్నాడు. తెలుగు చరిత్ర పుస్తకాల్లో జయపురం కనిపించేది ఎక్కువగా ఇక్కడే, ఓడినవారి పేరుగా.

ఇంతలో ఇంకొకరు వచ్చారు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర క్లైవు బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కార్లకు కూడా ఫర్మానా రాయించుకున్నాడు. కాగితం మీద జయపురం ఆ రోజే కంపెనీది అయింది. ఇండియాలో గడించిన డబ్బుతో క్లైవు ఇంగ్లండులో చేసిన పని ఏమిటో మా విద్యార్థులకు అప్పుడే చెప్పాం. సర్రే జిల్లాలో క్లేర్‌మాంట్ అనే ఎస్టేటు కొన్నాడు. ఉన్న ఇల్లు నచ్చక పడగొట్టించాడు. 1769 నుంచి అక్కడ కొత్త సౌధం కట్టించాడు. తోటల రూపకర్తగా పేరుపొందిన లాన్సెలట్ బ్రౌన్, అతనితో పాటు హెన్రీ హాలండ్ ఆ పని చూశారు. ఆ ఇంట్లో కాపురం పెట్టకుండానే 1774 నవంబరులో క్లైవు చనిపోయాడు. మరుసటి ఏడు, 1775లో, కంపెనీ సైన్యాన్ని తీసుకుని కెప్టెన్ మాథ్యూస్ ఘాట్ ఎక్కి జయపురం కోటను నేలమట్టం చేశాడు. ఇప్పుడు కనిపించే కట్టడాలు చాలావరకు ఆ తర్వాతివే. సర్రేలో ఒక ఇల్లు లేచిన దశకంలోనే ఇక్కడ ఒక ఇల్లు కూలింది. దానికీ దీనికీ నేరుగా లెక్క ముడిపెట్టలేం. కానీ రెండింటి మీదా ఉన్నది ఒకే కంపెనీ ముద్ర.

కూలగొట్టినవాళ్లే తర్వాత ఇల్లు నిలబెట్టారు. చరిత్ర విద్యార్థులు ఇక్కడ కాస్త ఆగాలి. 1793లో కార్న్‌వాలిస్ బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802లో అదే పద్ధతి మద్రాసు రాజధానికి వచ్చింది. దీని వెనక ఉన్న ఊహ పూర్తిగా ఇంగ్లీషు ఊహ. భూమి మీద హక్కు శాశ్వతం చేసి, సర్కారుకు కట్టవలసినదాన్ని ఎప్పటికీ పెంచకుండా నిలిపితే, జమీందారు ఇంగ్లండు దొరల్లాగా తన భూమిని బాగుచేసుకుంటాడు, చెరువులు తవ్విస్తాడు, రైతును ఆదుకుంటాడు, ఊళ్లో పెద్దింటివాడిగా ఉంటాడు అని. అంటే మనం తెలుగు చేయలేక తన్నుకుపోయిన 'కంట్రీ హౌస్'ను కంపెనీవాళ్లు రెండు వందల ఏళ్ల కిందటే రెగ్యులేషన్లలో తర్జుమా చేయబోయారన్నమాట. వారి అనువాదం మా విద్యార్థుల తొలి చిత్తుప్రతుల కన్నా బాగా కుదిరిందని చెప్పలేం.

జయపురానికి ఆ పద్ధతిలో ఖాయమైన పేష్కషు ఏడాదికి 16,000 రూపాయలు. ఈ అంకె గుర్తుంచుకోవాలని కోరుతున్నాం, మళ్లీ దీనితో పని ఉంది. 1992కు ముందటి కోరాపుట్ జిల్లా విస్తీర్ణం సుమారు 27 వేల చదరపు కిలోమీటర్లు. అందులో అధిక భాగం జయపురం జమీందారీయే. అంత నేలకు పదహారు వేలు! కొండలంటే కంపెనీకి భయం, పైగా జ్వరాలు. తర్వాత దాదాపు అరవై ఏళ్ల పాటు పైకి వచ్చిన దొరలే తక్కువ. నడుమ తండ్రీ కొడుకుల మధ్య తగాదా ముదిరినప్పుడు గుణుపురం, రాయగడ మొదలైన తాలూకాలను సర్కారు జప్తు చేసింది. 1863లో గాని జయపురంలో ఇంగ్లీషు అధికారి, పోలీసులు కుదురుకోలేదు. కొన్నేళ్లకే వారు కూడా అక్కడి జ్వరాలకు జడిసి చల్లగా ఉండే కోరాపుట్‌కు మకాం ఎత్తేశారు. కోరాపుట్ జిల్లా కేంద్రం కావడానికి అసలు కారణం దోమలేనని మా విద్యార్థి ఒకడు అన్నాడు. కొట్టివేయవలసిన మాట కాదు.

పేష్కషు నిలిచిపోయింది గాని శిస్తు నిలవలేదు. ఊళ్లను ముస్తాజరీకి, అంటే శిస్తు గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు పైకి కట్టవలసినది కట్టి, కింద వీలైనంత వసూలు చేసుకునేవాడు. దీనికి తోడు వెట్టి ఉండేది. దివాణం మనుషులు ఊరికి వస్తే సామాను మోయడం దగ్గర నుంచి కోడిపిల్ల దాకా. మైదానం నుంచి కొండలెక్కిన సాహుకారు అప్పుమీద అప్పు పెట్టి భూమి రాయించుకునేవాడు. భూమి అయిపోతే మనిషినే రాయించుకునేవాడు. ఆ అప్పు బానిసత్వాన్ని ఇక్కడ గోతి అంటారు. ఆ సాహుకార్లలో, గుమాస్తాల్లో, కచేరీ రాతగాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. తెలుగు శాఖ పత్రికలో ఈ మాట రాయడానికి మాకు సంతోషంగా లేదు. కాని ఇతర ప్రాంతాల్లో తెలుగువారి చరిత్ర అంటే కవులు, గుళ్లు, దాతలు మాత్రమే అని విద్యార్థులకు నేర్పడం సరికాదు. కొండవారి భూములు పరుల చేతుల్లోకి పోకుండా ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చేయవలసి వచ్చింది. ఆ చట్టం ఎవరి నుంచి ఎవరిని కాపాడడానికి పుట్టిందో దాని పేరే చెబుతుంది.

ఈ జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే గోపీనాథ్ మహంతి నవలలు చదవాలి. కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన ఒడియా రచయిత ఆయన. 1945లో వచ్చిన 'పరజా'లో చిన్న జరిమానా కోసం చేసిన అప్పు ఒక తండ్రినీ కొడుకులనూ గోతిలోకి ఎలా లాగిందో రాశాడు. కొండల కంధుల జీవితం మీద రాసిన 'అమృతర సంతాన'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒడియాకు అదే తొలి అకాడమీ బహుమతి. దాన్ని పురిపండా అప్పలస్వామి 'అమృత సంతానం'గా తెలుగు చేశారు. మన భాషలో జయపురం దివాణం పొగడ్తలు వెతికితే చాలానే దొరుకుతాయి. దివాణానికి కట్టినవాళ్ల కథ కావాలంటే మాత్రం ఒడియా నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక తెలుగువారు జయపురాన్ని తలచుకునే అసలు కారణానికి వద్దాం. 1931లో రామచంద్ర దేవు సంతానం లేకుండా మరణించాక విక్రమదేవ వర్మ గద్దెకు వచ్చాడు. 1869లో పుట్టినవాడు, అప్పటికే అరవై దాటాయి. విశాఖపట్నంలో చాలాకాలం గడిపినవాడు. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాశాడు. ఒడియావారు ఆయనను సాహిత్య సమ్రాట్ అంటారు. 1926లో బెజవాడలో మొదలై కొద్ది ఏళ్లకు వాల్తేరుకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పుడు చేతిలో చిల్లిగవ్వ లేదన్నా తప్పు లేదు. విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున దానం ప్రకటించాడు. అక్కడి శాస్త్ర, సాంకేతిక కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని ఆయన పేరు పెట్టారు. తెలుగునాట సైన్సు చదువు నిలదొక్కుకోవడంలో ఆ లక్షకు ఉన్న పాత్ర చిన్నది కాదు. మా గురువుల్లో కొందరు, వారి గురువుల్లో చాలామంది, ఆ మెట్లెక్కి చదువుకున్నవారే. ఆ డబ్బు గుర్రప్పందాలకో నీలగిరుల్లో వేసవి విడిదికో పోకుండా ప్రయోగశాలకు పోయింది. దానికి ఆయనకు నమస్కరించడంలో మాకు ఎలాంటి సంకోచమూ లేదు.

కానీ లెక్క లెక్కే. లక్ష అంటే పేష్కషుకు ఆరు రెట్లకు పైగా. భూమి మొత్తానికి సర్కారుకు కట్టేది పదహారు వేలయితే, ఒక్క దానానికే ఏటా లక్ష తీయగలిగిన దివాణం వసూళ్లు ఎంత ఉండాలి? రైతు కట్టినదానికీ రాజు కట్టినదానికీ మధ్య ఉన్న తేడాలోనే ఈ ప్రాకారం ఉంది, దసరా ఉంది, విశాఖ సముద్రం ఒడ్డున రామచంద్ర దేవు కట్టించిన హవా మహల్ ఉంది, మన విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలా ఉంది. చోళ్లు పండించినవాడు కట్టిన శిస్తు ఘాట్ దిగి వాల్తేరు చేరింది. ఆ కళాశాలలో ఆ చోళ్లు పండించినవాడి కొడుకు చదివాడా అని అడిగితే, ఆ రోజుల్లో జవాబు ఏమిటో మనకు తెలుసు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా కోరాపుట్, రాయగడ రెండు జిల్లాల్లోనూ అక్షరాస్యత యాభై శాతానికి చేరలేదు.

ఇంకొక విషయం. ఆ దానం నడిచిన దశకంలోనే ఈ నేల ఏ రాష్ట్రానికి పోవాలన్న వాదన జరిగింది. 1933 మార్చి శ్వేతపత్రంలో ఒడిశా సరిహద్దులు గీసినప్పుడు జయపురం, పర్లాకిమిడి రెండూ బయటే ఉన్నాయి. 1934లో బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం జయపురాన్ని, పర్లాకిమిడిలో కొంత భాగాన్ని చేర్చమంది. 1936 ఏప్రిల్ 1న అది జరిగింది. ఒడిశా ఏర్పాటును కోరినవారిలో విక్రమదేవ వర్మ ఒకడు. కుడిచేత్తో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇస్తూ ఎడమచేత్తో ఒడిశాకు ఓటు వేశాడని నొచ్చుకున్న తెలుగువారు లేకపోలేదు. మాకు అందులో వైరుధ్యం కనిపించదు. రెండు భాషల్లోనూ కవిత్వం రాసుకునేవాడికి రాష్ట్రం ఒకటి, చదువు ఒకటి. మాకు వెలితిగా తోచేది వేరే సంగతి. ఈ నేల ఎటు పోవాలన్న పంచాయితీలో తెలుగు పెద్దలు మాట్లాడారు, ఒడియా పెద్దలు మాట్లాడారు, కువి, పరజా, గదబ మాట్లాడేవారిని అడిగినవారు లేరు.

వారు మాట్లాడిన సందర్భం ఒకటి ఉంది, 1942. బొయిపారిగుడ దగ్గర తెంతులిగుమ్మ గ్రామపు లక్ష్మణ్ నాయక్, క్విట్ ఇండియా రోజుల్లో జనాన్ని వెంటబెట్టుకుని మత్తిలి పోలీసు స్టేషనుకు వెళ్లాడు. పోలీసులు కాల్పులు జరిపారు. చివరికి హత్యానేరం ఆయన మీదే మోపి 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. ఆయన తండ్రి జయపురం జమీందారీలో ముస్తాదారు. దివాణం నిచ్చెనలో అట్టడుగు మెట్టు అది. కోరాపుట్‌లో 2017లో మొదలైన వైద్య కళాశాలకు లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. జయపురంలో 1947లో విక్రమదేవ వర్మ చలవతో పుట్టిన కళాశాల 2023లో ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయం అయింది. అంతకు ముందు 2009లో కోరాపుట్‌లో కేంద్ర విశ్వవిద్యాలయం వచ్చింది. వాల్తేరుకు లక్ష చేరిన రోజులకీ, ఈ కొండల్లో సొంత విశ్వవిద్యాలయం లేచిన రోజుకీ మధ్య డెబ్బై ఏళ్లకు పైగా దూరం ఉంది.

జమీందారీ 1952లో రద్దయింది. విక్రమదేవ వర్మ అంతకు ముందు ఏడే, 1951లో, కన్నుమూశాడు. శిస్తు ఆగిపోయాక దివాణానికి మిగిలింది ఇల్లే. ఇంగ్లండులో ఇదే సమస్య ఇంకొక దారిలో వచ్చింది. మరణపన్నులు పెరిగి పెద్దిళ్లు కూలిపోతున్నాయని 1934లో లార్డ్ లోథియన్ నేషనల్ ట్రస్టు సభలో మొరపెట్టాడు. మన దేశంలో ఓటుహక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి 1932లో తిరిగిన సంఘానికి అధ్యక్షుడు ఈయనే. 1937లో చట్టం చేశారు. యజమానులు ఇల్లు ట్రస్టుకు రాసిచ్చి అందులోనే కాపురం ఉండవచ్చు, జనం టిక్కెట్టు కొని చూడవచ్చు. 1940లో చనిపోతూ లోథియన్ తన బ్లిక్లింగ్ హాల్‌ను అలాగే ఇచ్చాడు. ఇలా ఇళ్లు బతికాయి. చాలాకాలం వాటిని చూడబోయినవారు పింగాణీ, పటాలు, గులాబీలు చూసి వచ్చారు. 2020లో ఆ ట్రస్టే ఒక నివేదిక వెలువరించి, తన చేతిలో ఉన్నవాటిలో 93 చోట్లకు బానిస వ్యాపారంతోనో వలస పాలనతోనో సంబంధం ఉందని రాసింది. క్లైవు కుటుంబపు ఇండియా సొత్తు ఉన్న వేల్సులోని పోయిస్ కోట వాటిలో ఒకటి. దాని మీద అక్కడ పెద్ద గొడవే జరిగింది. వారాంతంలో సరదాగా ఇల్లు చూడ్డానికి పోతే లెక్కలు చదవమంటారేమిటని సభ్యులు కొందరు కోప్పడ్డారు. ఎంత గొడవైనా ఆ ప్రశ్నను అడిగింది ఆ ఇళ్లను కాపాడుతున్నవారే. మనకు కాపాడిన ఇళ్లూ తక్కువే, అడిగినవారూ తక్కువే.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. జగన్నాథసాగరం నిండు కుండలా ఉంది. టీ కొట్టు పెద్దాయనకు డబ్బులిస్తూ, ఆయన పెద్దలు ఏ ఊరివారని అడిగాం. సాలూరు వైపు నుంచి వచ్చారట, దివాణంలో ఏదో గుమాస్తా పనికి. "కాయితాలుండేవి బాబూ, పెట్టి నిండా. సెద పట్టీసింది" అన్నాడు. రాత్రి బస్సుకు కోరాపుట్ ఎక్కాం.

కళాశాల తెరిచాక రాయగడ అమ్మాయి తన అనువాదం ఇచ్చింది. 'కంట్రీ హౌస్' అన్న చోటల్లా 'దివాణం' అని ఉంది. ఆ ఇంగ్లీషు వ్యాసంలో కౌలుదార్ల ఊసు ఎక్కడా లేదు గనుక ఈ మాట అక్కడ ఎక్కువైపోతుందేమో అని తరగతిలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. ఆ వాదన ఇంకా తెమలలేదు. ఈలోగా కోరాపుట్, రాయగడ, గుణుపురం వైపు నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న విద్యార్థులకు ఒక విన్నపం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో జయపురం దివాణం శిస్తు రసీదులు, గుత్త కాగితాలు, అప్పు పత్రాలు ఏవైనా ఉన్నాయేమో చూడండి. తెలుగులో ఉన్నా, ఒడియాలో ఉన్నా, వేలిముద్ర తప్ప ఇంకేమీ చదవడానికి రాకపోయినా ఫరవాలేదు. అసలు మీ ఇంట్లోనే ఉంచుకోండి, ఫొటో తీసి శాఖకు ఇవ్వండి. కట్టినవారి పేరు, ఊరు, ఏడాది కనిపించేలా తీయండి.